చంపే బ్యాట్‌మ్యాన్, చంపని బ్యాట్‌మ్యాన్: ఏది మేలు?

వేసవి సెలవులకు మా మేనల్లుడు బరంపురం వచ్చాడంటే మేడ మీద రోజూ ఒకటే పంచాయితీ, ముసుగు సూపర్‌హీరో బ్యాట్‌మ్యాన్, అతని శత్రువు జోకర్ గురించి. "మామయ్యా, జోకర్‌ను బ్యాట్‌మ్యాన్ ఎందుకు చంపడు? చంపేస్తే పీడ విరగడవుతుంది కదా!" వాడి స్నేహితుల్లో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడతారు. ఈ ప్రశ్న మాత్రం రెండు భాషల్లోనూ వేస్తారు. ఏటా ఏదో ఒకటి చెప్పి దాటవేస్తూ వచ్చాను. పోయిన ఆదివారం ఆ పిల్లలతో కూర్చుని 1989 నాటి 'బ్యాట్‌మ్యాన్', 2008 నాటి 'ది డార్క్ నైట్' ఒకదాని వెంట ఒకటి చూశాక నా జవాబేమిటో నాకే తేటపడింది.

ముందు చంపాలనేవాళ్ల పక్షం చెప్పాలి. చంపకూడదన్న నియమం బ్యాట్‌మ్యాన్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో వచ్చిన మొదటి కథలోనే అతను గుద్దిన గుద్దుకు ఒక దుర్మార్గుడు ఆమ్లపు తొట్టిలో పడి చస్తాడు. ఇలాంటివాడికి తగిన చావే అంటాడు మన హీరో. 1940లో విమానంలోంచి మిషన్‌గన్ కూడా పేల్చాడు. అది చూశాకే సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఇక చంపడాలు వద్దన్నాడు. జోకర్ కూడా తాను పుట్టిన 1940 సంచికలోనే చచ్చిపోవలసినవాడు. ఇంత మంచి విలన్‌ను పోగొట్టుకోవడం ఎందుకని చివర్లో ఒక బొమ్మ చేర్చి బతికించారు. అంటే నెలనెలా వచ్చే పత్రికకు విలన్ మళ్లీ కావాలి. రెండున్నర గంటల్లో ముగిసే సినిమాకు ఆ అవసరం లేదు. ఈ వాదనలో బలముంది, కాదనను. పైగా మనం నరకాసురుడు చచ్చినందుకు దీపాలు పెట్టుకునేవాళ్లం. దుష్టుడు చావకపోతే కథ ముగిసినట్టే ఉండదు మనకు.

అయినా నేను చంపని పక్షమే. పాపం, పుణ్యం, చట్టం అన్నీ ఆలోచించాను కానీ, నాకు తేల్చిచెప్పింది ముసుగు.

మా గంజాం జిల్లా పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడతారు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ప్రచారంలో ఉన్న నాటకం అది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పైమెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం. పదేళ్ల వయసులో మా నాన్న భుజం మీద తల ఆనించి నిద్రలో జోగుతూ తెల్లవారే దాకా చూశాను. నరసింహుడి ముఖానికి ముందు పూజ చేస్తారు. అది తగిలించుకున్న మనిషికి పూనకం వస్తుంది. అప్పటిదాకా మాకు తెలిసిన మనిషే, ఎర్రటి నాలుక వేలాడే ఆ ముఖం పెట్టుకోగానే ఊగిపోతూ హిరణ్యకశిపుడి మీదికి ఉరికాడు. వెనక ఇద్దరు మగవాళ్లు అతని నడుముకు కట్టిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని కాళ్లు నేలకు తన్నిపెట్టి లాగుతున్నారు. వాళ్ల మెడ నరాలు ఉబ్బి కనిపించాయి. భయపడి నాన్నను అడిగితే, "ముఖం పెట్టుకున్నవాణ్ణి పట్టుకునేవాళ్లు ఉండాలిరా" అన్నాడు.

సూపర్‌హీరో కథకు కీలకం అదేనని నా నమ్మకం. పోలీసు కాల్చితే విచారణ ఉంటుంది, పేరు ఉంటుంది, ఎవరో ఒకరు సంజాయిషీ అడుగుతారు. బ్యాట్‌మ్యాన్‌కు పేరు లేదు, ముఖం లేదు, పైఅధికారి లేడు. వెనకనుంచి గుడ్డ పట్టుకుని లాగేవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి ఆ గుడ్డ కొస తన చేత్తో తానే పట్టుకోవాలి. చంపనన్న నియమం అదే. దాన్ని తీసేస్తే మిగిలేది డబ్బూ ఆయుధాలూ ఉన్న ముసుగుమనిషి ఒకడు. అతను ఈరోజు జోకర్‌ను చంపితే మనకు సంతోషమే. రేపు ఎవరిని చంపాలో కూడా అతనే నిర్ణయిస్తాడు.

రెండు సినిమాల్లోనూ ఆఖరున ఒక తాడు ఉంది. టిమ్ బర్టన్ తీసిన 1989 చిత్రంలో జోకర్ హెలికాప్టర్ నిచ్చెన పట్టుకుని తప్పించుకోబోతుంటే, బ్యాట్‌మ్యాన్ విసిరిన తాడు అతని కాలిని చర్చి గోపురం మీది రాతిబొమ్మకు బిగిస్తుంది. బొమ్మ విరుగుతుంది, దాని బరువుకు జోకర్ కిందికి పోతాడు. ఆ కథలో హీరో తల్లిదండ్రులను చంపింది జోకరే కనుక పగ తీరుతుంది. మా పిల్లలు ఈలలు వేశారు. నోలన్ తీసిన 2008 చిత్రంలో జోకర్ భవనం మీదినుంచి నవ్వుతూ పడిపోతుంటాడు. అతను కోరుకున్నదే ఆ చావు. బ్యాట్‌మ్యాన్ తాడు విసిరి పట్టుకుంటాడు. జోకర్ తలకిందులుగా వేలాడుతూ మాట్లాడుతుంటే మేడ మీద ఒక్కరూ కదల్లేదు. మొదటి సినిమాలో తాడు ఒక మనిషిని ముగించింది. రెండోదానిలో అదే తాడు హీరో ఎలాంటివాడో చూపించింది. సినిమాగా కూడా నాకు రెండోదే పెద్దది.

సూపర్‌మ్యాన్ సంగతి వేరు. అతనికి ముసుగు లేదు, ముఖం లోకమంతా చూస్తుంది. 2013 నాటి 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లో విలన్ జాడ్ కంటిమంట ఒక కుటుంబం మీదికి అంగుళం అంగుళం జరుగుతుంటే, వద్దని బతిమాలి, వేరే దారి లేక మెడ విరిచేస్తాడు. తర్వాత అతను వేసే కేక కోసం ఆ చంపడాన్ని ఒప్పుకుంటాను. కానీ కాసేపటికే సినిమా సరదా మాటల్లోకి వెళ్లిపోయింది. అంత కేక వేసినవాడు అంత త్వరగా తేలికపడడం నాకు నచ్చలేదు.

విలన్ తన ఆయుధానికి తానే బలి కావడం మూడో దారి. 2002 'స్పైడర్‌మ్యాన్'లో గాబ్లిన్ అలాగే పోయాడు. ఎవరికీ ఇబ్బంది లేని ముగింపు, అంతకుమించి చెప్పడానికి లేదు. 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్'లో "నిన్ను చంపను, కాపాడాల్సిన పనీ లేదు" అని విలన్‌ను రైల్లో వదిలేయడం మాత్రం నియమాన్ని అక్షరం వరకే పాటించడం. నోలన్ సినిమాల్లో నాకు ఇబ్బందిగా తోచే చోటు అదే.

మా మేనల్లుడు ఊరుకోలేదు. "మరి డార్క్ నైట్‌లో హార్వీ డెంట్ చచ్చిపోయాడుగా, తోసింది బ్యాట్‌మ్యానేగా?" అన్నాడు. నిజమే. డెంట్ మంచి ప్రభుత్వ న్యాయవాదిగా ఉండి హంతకుడిగా మారినవాడు. పోలీసు అధికారి గోర్డన్ కొడుకు తలకు అతను తుపాకి గురిపెట్టి ఉన్నప్పుడు బ్యాట్‌మ్యాన్ మీదికి దూకాడు, డెంట్ పడి చనిపోయాడు. ఆ తర్వాత డెంట్ చేసిన హత్యలు కూడా తన మీద వేసుకుని, కుక్కలు తరుముతుంటే పరుగెత్తాడు. మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఆఖరి పరుగు మళ్లీ పెట్టమన్నాడు.