మంగు మచ్చల మీద మూడేళ్లుగా కన్సీలర్

మా చిన్నది కడుపులో ఉన్నప్పుడు నా చెంపల మీద మంగు వచ్చింది. మొదట ఎడమ చెంప ఎముక మీద టీ మరక లాంటిది ఒకటి కనిపించింది. నెలలు నిండేసరికి కుడివైపు కూడా అదే సైజులో తయారైంది. పై పెదవి మీద సన్నటి గీత ఒకటి, దూరం నుంచి చూస్తే మీసం వస్తున్నట్టే ఉండేది. ఒంట్లో వేడి అన్నారు మా అత్తయ్య. రక్తం తక్కువై ఉంటుందంది పక్కింటి పిన్ని. కాన్పు అయ్యాక పోతుందిలే అని అందరూ అన్నారు. పోలేదు.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా జాకెట్ గుడ్డలు, లైనింగులు, ఫాల్స్ చూపించడమే పని. గుడ్డ చూడాల్సిన కళ్లు నా చెంప మీద ఆగినప్పుడల్లా నాకు తెలిసిపోతుంది. అలా మొదలుపెట్టాను కన్సీలర్, అంటే మచ్చలు కనపడకుండా చర్మం రంగులో కప్పే మేకప్. మూడేళ్లు దాటింది, ట్యూబు మీద ట్యూబు అవుతూనే ఉంది.

కన్సీలర్ దాకా రాకముందు ఒక తప్పు చేశాను, అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. తెలిసినావిడ ఒకరు పది రోజుల్లో పోతుందని ఒక క్రీము చెప్పారు. మందుల షాపులో అడిగితే డాక్టరు చీటీ లేకుండానే ఇచ్చేశారు. నిజంగానే పది రోజుల్లో మొహం తేటపడింది. ఏం రాస్తున్నావని అడిగినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను కూడా. రెండు నెలలకు చెంపలు పల్చబడి ఎర్రగా అయ్యాయి, స్టౌ ముందు నిలబడితే భగ్గుమనేవి. భయపడి మానేస్తే ఒక్కసారిగా మొటిమలు లేచాయి. స్కిన్ డాక్టరుగారు ఆ ట్యూబు వెనక అక్షరాలు చదివి, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా, ఇది ఎవరికి వాళ్లు కొనుక్కుని రాసుకునేది కాదు" అన్నారు. మంగుకి హార్మోన్లు ఒక కారణం, ఎండ ఇంకో కారణం, సన్‌స్క్రీన్ రాయకుండా ఏ మందు వాడినా దండగే అని చెప్పారు. కప్పుకోవడానికి ఏదైనా రాసుకోవచ్చా అని నెమ్మదిగా అడిగాను. "హాయిగా రాసుకోండి. రాత్రి కడుక్కుని పడుకోండి" అన్నారు. ఆ మాటతో సగం టెన్షన్ పోయింది.

నేను వాడే ట్యూబు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే నా షేడ్ నంబరు అడిగి అదే కొనేస్తారు, అది మీ మొహానికి కుదరదు. మూతకే స్పాంజి పుల్ల ఉండే రకం, పల్చగా ఉంటుంది, ఏడు మిల్లీలీటర్ల లోపే. ఐదారు వందలు పెట్టి కొంటే రోజూ వాడినా నాకు ఆరు నెలలు వస్తుంది.

మొదటి ట్యూబు మాత్రం చెత్తబుట్టలోకి పోయింది. తప్పు ట్యూబుది కాదు, నాదే. కొట్లో తెల్ల లైట్ల కింద, ముంజేతి మీద గీసుకుని చూశాను. అక్కడున్న అమ్మాయి "మచ్చలు బాగా కప్పాలంటే రెండు షేడ్లు తెల్లగా తీసుకోండి మేడమ్" అంది. తీసుకున్నాను. ఆ వారమే మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్. అద్దంలో బాగానే అనిపించింది. మండపం దగ్గర మా అన్నయ్య నన్ను చూసి, "ఏంటే, గుడికెళ్లి విబూది పెట్టుకొచ్చావా?" అన్నాడు. ఫొటోలు వచ్చాక చూస్తే అంతకంటే దారుణం. అందరి మొహాలూ మొహాల్లా ఉన్నాయి, నా రెండు చెంపల మీద మాత్రం బూడిద రంగు చిల్లులు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మా షాపులో లైట్ల కింద ఏ ఆడమనిషీ జాకెట్ గుడ్డ కొనదు. చీరా, గుడ్డా రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరకి నడుస్తుంది, బయటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తుంది, అప్పుడు బేరం మొదలుపెడుతుంది. నేనే రోజుకి ముప్పైసార్లు "గుమ్మం దగ్గర చూసుకోండమ్మా" అంటాను. మెరూన్ అంటే ఒక్క మెరూన్ కాదు, ఇటుక వైపు తిరిగిన మెరూన్ వేరు, వంకాయ వైపు తిరిగింది వేరు అని కొత్తగా చేరిన పిల్లలకు నేర్పేదాన్ని. అలాంటిదాన్ని, నా మొహానికి రంగు కొనేటప్పుడు గుమ్మం గుర్తుకు రాలేదు.

రెండో ట్యూబు గుమ్మం దగ్గరే కొన్నాను. మూడు షేడ్లు దవడ పక్కన, మెడ మొదలయ్యేచోట నిలువు గీతలుగా రాయించుకుని బయటికొచ్చి చిన్న అద్దంలో చూశాను. వెంటనే కొనలేదు. పక్క సందులో బండి దగ్గర నిమ్మసోడా తాగి, పావుగంట అయ్యాక మళ్లీ చూశాను. చర్మంలోని జిడ్డు తగిలాక కొన్ని షేడ్లు ముదురుతాయి. రాసినప్పుడు సరిగ్గా కలిసిందనుకున్నది పావుగంటకే ఇటుక రంగు అయింది. ఎక్కడ రాసిందో వెతుక్కోవాల్సి వచ్చిన గీతే నాది. నాది చామనచాయ, పసుపు వైపు తిరిగిన ఛాయ. గులాబీ వైపు తిరిగినవి నా మీద సున్నం వేసినట్టుంటాయి. ముంజేతి మీద చూసి కొనొద్దు, స్కూటీ నడిపే చేయి రంగు వేరు, మొహం రంగు వేరు.

షేడ్ కుదిరాక కూడా మంగు పూర్తిగా కనపడకుండా పోలేదు. ఎంత మందంగా రాసినా లోపలి నుంచి ఏదో నీలం, బూడిద కలిసిన నీడ తొంగి చూసేది. దాని సంగతి నాకు లైనింగులే చెప్పాయి. పల్చటి జార్జెట్ జాకెట్ కింద ఏ రంగు లైనింగ్ వేస్తే పైన ఆ రంగు తేలుతుంది. గంధం రంగు జార్జెట్ కింద నల్ల లైనింగ్ వేసి, గంధం గుడ్డ ఇంకో పొర వేస్తే నలుపు పోతుందా? మురికిగా కనిపిస్తుంది. మార్చాల్సింది లైనింగ్‌ని. మంగు రంగు చర్మం లోపలి పొరల్లోకి దిగినకొద్దీ పైకి నీలంగా, బూడిదగా కనిపిస్తుంది. నీలానికి ఎదురు రంగు నారింజ. అందుకే కన్సీలర్ కింద నారింజ రంగు కరెక్టర్, అంటే మచ్చ రంగుని విరిచే క్రీము. మన ఛాయ వాళ్లలో తేటగా ఉన్నవాళ్లకి లేత నారింజ లాంటి పీచ్ రంగు చాలు, ముదిరినకొద్దీ నారింజ కావాలి. చిన్న డబ్బాలో వస్తుంది, నాకు ఏడాదిన్నర అయినా ఇంకా అడుగు కనపడలేదు, అంత తక్కువ పడుతుంది. కరెక్టర్ వచ్చాక కన్సీలర్ సగానికి సగం తగ్గింది.

ఇంట్లో రాసుకుని బయల్దేరితే సింగ్‌నగర్ నుంచి వన్‌టౌన్ వచ్చేసరికి సగం చున్నీకే అంటుకునేది. ఎండకి మొహానికి చున్నీ చుట్టుకోకుండా ఇక్కడ ఎవరు బండి నడుపుతారు? అందుకని ఇంట్లో సన్‌స్క్రీన్ ఒక్కటే రాస్తాను, రెండు వేళ్ల పొడవున పిండి, మెడతో సహా. చున్నీ చుట్టుకుని వస్తాను. షట్టర్ ఎత్తాక, బోణీ కాకముందు, చీరలు మీద వేసుకుని చూసుకునే నిలువుటద్దం గుమ్మం దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడే నిలబడి రాసుకుంటాను. ముందు చెమట అద్దుతాను. ఉంగరపు వేలితో కరెక్టర్ బియ్యపు గింజంత తీసి రెండు వేళ్ల మధ్య రుద్దితే వేడికి మెత్తబడుతుంది. దాన్ని మచ్చ ఉన్నంత మేరే, తడుతూ పెడతాను. మంచి చర్మం మీదకి పోతే అక్కడ కామెర్లు వచ్చినట్టుంటుంది. తర్వాత పుల్లతో కన్సీలర్ మూడే చుక్కలు ఒక్కో చెంపకి, మచ్చ నడుమన. పెట్టి వెంటనే రుద్దను. ఈలోగా దేవుడి పటం ముందు అగరబత్తి వెలిగించి వస్తాను. ఆ నిమిషంలో అది కాస్త చిక్కబడుతుంది, చిక్కబడ్డది బాగా పట్టుకుంటుంది. అప్పుడు అంచులు మాత్రమే వేలితో తడతాను. నడుమ ముట్టుకోను. నడుమ రుద్దితే పూసిందంతా పక్కకి జరిగి మచ్చ మళ్లీ బయటపడుతుంది. చివర చిటికెడు పౌడర్, అదీ దూదితో అద్ది. మొత్తం నాలుగు నిమిషాలు.

తడి స్పాంజి కూడా కొన్నాను. కన్సీలర్ సగం అదే తాగేస్తుంది, పైగా కడిగి ఆరబెట్టకపోతే లోపల నల్లగా బూజు పడుతుంది. నాకు వేలే నయం.

సన్‌స్క్రీన్ రాసిన వెంటనే కన్సీలర్ రాస్తే రబ్బరు తుడిచిన పొట్టులాగా ఉండలు రాలతాయి. పది నిమిషాలైనా ఆగాలి. నాకు స్కూటీ ప్రయాణమే ఆ పని చేసిపెడుతుంది. కన్సీలర్ ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేయకండి. కన్సీలర్‌కి గోధుమ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు కంటికి కనిపించే వెలుతురుని కొంత ఆపుతాయి, ఆ వెలుతురు కూడా మంగుని ముదురుస్తుంది, అది నిజమే. అందుకే రంగు కలిసిన సన్‌స్క్రీన్ మంచిదంటారు. కానీ మూడు చుక్కలు మొహమంతటికీ గొడుగు పట్టలేవు కదా.

మే నెలలో ఎలా ఉంటుందని అడిగితే, బాగోదు. మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యానే తిరుగుతుంటే ఏ కంపెనీది రాసుకున్నా కారుతుంది. పై పెదవి మీద ముందు పోతుంది, రెండు గంటలు ఆగితే గొప్ప. నేను నేర్చుకున్నది ఒక్కటే, జేబురుమాలుతో తుడవకూడదు, అద్దాలి. తుడిస్తే చారలు పడతాయి. ఒకసారి అలవాటుగా చెంప తుడుచుకుని అదే వేలితో తెల్ల టూ బై టూ గుడ్డ తాను విప్పాను. గోధుమ రంగు వేలిముద్ర పడింది. ఓనరుగారు ఏమీ అనలేదు, ఆ పావు మీటరు కోసి నా చేతికిచ్చి డబ్బులు జీతంలో పట్టుకుంటానన్నారు. ఇప్పుడు అది ఇంట్లో పప్పు డబ్బాలు తుడుచుకునే గుడ్డ.

చిన్నచిన్న చిక్కులు ఇంకా ఉన్నాయి. నుదుటి మీదకి పౌడర్ వెళ్తే స్టిక్కర్ బొట్టు నిలవదు, మధ్యాహ్నానికి ఎవరి చీర మీదో దొరుకుతుంది. బొట్టు ముందు, పౌడర్ తర్వాత. శుక్రవారం పసుపు రాసుకుని స్నానం చేస్తే ఆ రోజు నా షేడ్ నాకే కలవదు, మొహం పచ్చగా, మచ్చల చోటు మాత్రం గోధుమగా ఉంటుంది. ఇప్పుడు శుక్రవారం పసుపు కాళ్లకే.

కళ్ల కింద నలుపు గురించి చాలామంది అడుగుతారు. నాకూ ఉంది, అక్కడ మాత్రం కన్సీలర్‌కి పదికి నాలుగు మార్కులే ఇస్తాను. నలుపు రంగైతే కప్పుతుంది. గుంట వల్ల పడే నీడైతే కప్పలేదు, నీడకి రంగు వేస్తే ఆగుతుందా? అద్దం ముందు వెలుతురు వైపు మొహం ఎత్తి చూడండి. ఎత్తగానే నలుపు తగ్గితే అది గుంట. తగ్గకపోతే అది రంగు. నాకు రెండూ ఉన్నాయి. అక్కడ చర్మం పల్చన, కళ్లార్పినప్పుడల్లా ముడత పడుతుంది, మందంగా రాస్తే సాయంత్రానికి ఎండిన చెరువు నేలలాగా పగులుతుంది. ముక్కు పక్కన కంటి మూలలో ఒక్క చుక్క పెట్టి వదిలేస్తాను. మొటిమ బొడిపెల మీద కూడా అంతే, రంగు పోతుంది, ఎత్తు పోదు.

రాత్రి కొబ్బరినూనె నాలుగు చుక్కలు రాసి మెత్తటి గుడ్డతో తీసేసి, ఫేస్‌వాష్‌తో కడుగుతాను. మొటిమల తత్వం ఉన్నవాళ్లకి కొబ్బరినూనె పడకపోవచ్చు, మా తోడికోడలికి పడలేదు, ఆమె మేకప్ తీసే మైసెల్లార్ వాటర్ వాడుతుంది. ట్యూబు వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మ ఉంటుంది, అందులో 12 అనో 6 అనో అంకె. తెరిచాక అన్ని నెలలే వాడాలని. నా ట్యూబు ఆ లోపే అయిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు, పెళ్లిళ్లకి మాత్రమే తీసేవాళ్లు చూసుకోవాలి.

ఇంత చేసినా మంగు పూర్తిగా మాయం కాదు. దగ్గరికొస్తే లేత నీడ కనిపిస్తుంది. మొదట్లో అది కూడా కనపడకూడదని నాలుగు పొరలు వేసేదాన్ని, నవ్వితే చెంప మీద గీతలు పడేవి. ఇప్పుడు లేత నీడ దగ్గర ఆపేస్తాను. ఆదివారం అసలు రాసుకోను.

మొన్న శ్రావణమాసం రద్దీలో ఒకావిడ వచ్చారు, నా వయసే ఉంటుంది, చెంపల మీద నాలాగే. కౌంటర్ దగ్గర చాలాసేపు తచ్చాడి, "మీకూ ఉండేది కదండీ, ఇదివరకు చూశాను. ఏ క్రీముతో తగ్గింది?" అని గొంతు తగ్గించి అడిగారు. ఆమెని గుమ్మం దగ్గరకి తీసుకెళ్లాను. బాటిల్ నీళ్లతో జేబురుమాలు కొస తడిపి, ఎడమ చెంప మీద గట్టిగా ఒక్కసారి తుడిచి చూపించాను. ఆవిడ నా చెంప వంక, రుమాలు వంక మార్చి మార్చి చూసి, "అయ్యో, అంతా ఉందే!" అన్నారు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. రెండు షేడ్లు తెల్లది మాత్రం కొనొద్దని చెప్పి, ఆవిడ బాటిల్ గ్రీన్ జాకెట్‌కి లైనింగ్ వెతకడానికి లోపలికి వెళ్లాను, ఒక చెంప మంగుతోనే.