బూస్టర్ కంటే ముందు కొనాల్సింది ఇదీ: కోయాక్స్ కేబుల్ కిట్ రివ్యూ

టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయినా, మాట మధ్యలో తెగిపోయినా చాలామంది చూపు నేరుగా సిగ్నల్ బూస్టర్ మీదకే పోతుంది. ఆ డబ్బు ముందు ఈ కిట్ మీద పెట్టడం నయం. ఇందులో ఉండేవి మూడే: కేబుల్ చివర ఒలిచే స్ట్రిప్పర్, కనెక్టర్‌ను కేబుల్ మీద నొక్కి బిగించే కంప్రెషన్ టూల్, టీవీ లైన్లకు వాడే ఆర్‌జీ 6 రకం కోయాక్స్ కేబుల్‌కు (మధ్యలో ఒక తీగ, దాని చుట్టూ అల్లిక తీగలు ఉండేది) సరిపడేలా చివర్లకు తొడిగే ఎఫ్ కనెక్టర్లు. పైకి చిన్న సరంజామాలా కనిపిస్తుంది కానీ, ఇంటి లోపల పుట్టే తంటాల్లో ఎక్కువ శాతం కేబుల్ చివర్లలోనే ఉంటాయి.

కొనే ముందు ఒక పరీక్ష. ఇంట్లోకి వచ్చే లైన్‌ను స్ప్లిట్టర్ (ఒక లైన్‌ను పలు టీవీలకు పంచే చిన్న పెట్టె) నుంచి విప్పి, సెట్‌టాప్ బాక్స్‌ను అక్కడికే తీసుకెళ్లి నేరుగా తగిలించండి. బొమ్మ శుభ్రంగా వస్తే లోపం ఇంటి లోపలి కేబుల్‌లోనో, కనెక్టర్లలోనో, స్ప్లిట్టర్‌లోనో ఉన్నట్టు. అక్కడ కూడా పగిలిపోతే లోపం బయటిది. ఈ కిట్ దాన్ని బాగుచేయలేదు, సర్వీసు వాళ్లను పిలవాల్సిందే.

కిట్‌లో ఎక్కువ జాగ్రత్త అడిగేది స్ట్రిప్పర్. రెండు బ్లేడ్లలో ఒకటి బయటి తొడుగును కోస్తుంది, రెండోది లోపలి తీగ దాకా దిగుతుంది. కేబుల్‌ను బిగించి నాలుగైదు చుట్లు తిప్పి లాగితే 6 మిల్లీమీటర్ల మేర లోపలి తీగ, దాని వెనక మరో 6 మిల్లీమీటర్ల మేర అల్లిక తీగలు బయటపడాలి. కొత్త స్ట్రిప్పర్‌లో బ్లేడు మరీ లోతుగా దిగేలా ఉండటం మామూలే. అప్పుడు లోపలి తీగ మీద గీత పడుతుంది. చాలా ఆర్‌జీ 6 కేబుళ్లలో ఆ తీగ మొత్తం రాగి కాదు, ఉక్కు మీద రాగి పూత. పైగా ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ పోయేది తీగ పైపొరలోనే. పూత తెగితే ఇవాళ బొమ్మ వచ్చినా, తేమ తగిలాక అక్కడే తుప్పు మొదలవుతుంది. అందుకే ముందు పనికిరాని ముక్క మీద కోసి చూసి, బ్లేడు లోతును హెక్స్ కీతో సరిచేసుకోవాలి.

కోశాక అల్లిక తీగలన్నిటినీ వెనక్కి మడవాలి. తెల్లటి నురుగు పొరకు అంటుకున్న రేకును మాత్రం కదపకూడదు. కనెక్టర్‌ను తిన్నగా తోస్తూ పోతే ఆ తెల్ల పొర కనెక్టర్ లోపలి అడుగుకు సమంగా వచ్చి ఆగాలి. లోపలి తీగ అంచు దాటి 2 నుంచి 3 మిల్లీమీటర్లు బయటికి కనిపించాలి. తెల్ల పొర ఇంకా లోతుగానే ఉండిపోతే టూల్ నొక్కకండి, మళ్లీ తొయ్యండి. ఒకసారి నొక్కాక ఆ కనెక్టర్ ఇక తిరిగి పనికిరాదు.

వెంట్రుకంత అల్లిక పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా చాలు, షార్ట్. డిష్ లైన్‌లో అయితే ఇది మరీ ఇబ్బంది. డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీకి కావలసిన 13 లేదా 18 వోల్టులు బాక్స్ నుంచి ఇదే కేబుల్ మీదుగా పైకి వెళ్తాయి కాబట్టి, ఛానళ్లన్నీ ఒకేసారి పోతాయి. కేబుల్ రెండు చివర్లూ విప్పి మధ్య తీగకూ కనెక్టర్ ఒంటికీ మల్టీమీటర్ పెట్టి చూడండి. బీప్ మోగితే షార్ట్ ఉన్నట్టే.

కనెక్టర్ల విషయంలో కిట్‌కూ కిట్‌కూ తేడా ఉంటుంది. లెక్క పెంచడానికి చేత్తో తిప్పి ఎక్కించే రకాన్ని కలిపి ఇస్తారు. అవి కొన్నాళ్లకు వదులవుతాయి, వాటిని పక్కన పడేయడమే మేలు. పాత ఇళ్ల గోడల్లో సన్నటి ఆర్‌జీ 59 కేబుల్ ఉండవచ్చు. దానికి ఆర్‌జీ 6 కనెక్టర్ ఎక్కుతుంది కానీ పట్టు ఉండదు, లాగితే ఊడి చేతికొస్తుంది. కేబుల్ తొడుగు మీద అచ్చువేసిన పేరు చదివాకే కొనండి.

స్ప్లిట్టర్ లోపాలకు మాత్రం ఈ కిట్‌లో మందు లేదు. రెండు దారుల స్ప్లిట్టర్ ఒక్కో దారిలో సుమారు 3.5 డెసిబెల్స్ (సిగ్నల్ నష్టాన్ని కొలిచే లెక్క), నాలుగు దారులది సుమారు 7 డెసిబెల్స్ తినేస్తుంది. ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే ఈ నష్టాలు కూడుతూ పోతాయి. వాడని దారికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ (ఖాళీ దారిని మూసే చిన్న మూత) పెట్టాలి. 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న స్ప్లిట్టర్ డిష్ లైన్‌కు పనికిరాదు, ఎందుకంటే డిష్ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది.

మరి బూస్టర్ ఎప్పుడు? ఇంట్లోకి వచ్చేచోట సిగ్నల్ బాగుండి, లోపల దూరమూ దారులూ ఎక్కువైనప్పుడు. ఆర్‌జీ 6 కేబుల్ 1000 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు 20 డెసిబెల్స్‌కు అటూఇటూగా పోగొడుతుంది. 30 మీటర్ల కేబుల్‌కు 6, నాలుగు దారుల స్ప్లిట్టర్‌కు 7, మొత్తం 13. అప్పుడు బూస్టర్‌ను స్ప్లిట్టర్‌కు ముందు పెట్టాలి. తర్వాత పెడితే అప్పటికే బలహీనపడ్డ సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది. బాక్స్ మెనూలో స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ అట్టడుగున ఉంటే బూస్టర్ జోలికే పోవద్దు.

ఒకే ఒక్క కేబుల్ మార్చాలనుకునేవారికి ఈ కిట్ దండగ, రెండు వైపులా కనెక్టర్లు బిగించి వచ్చే రెడీమేడ్ కేబుల్ చాలు. మూడు నాలుగు టీవీలున్న ఇంటికి మాత్రం నిస్సందేహంగా కొనదగ్గది. కిట్‌లో లేక విడిగా తెచ్చుకోవాల్సినవి రెండు: బయటి కనెక్టర్లకు నీరు దిగకుండా రబ్బరు తొడుగులు, ఒక 11 మిల్లీమీటర్ల స్పానర్. స్ప్లిట్టర్ దగ్గర కనెక్టర్‌ను ముందు వేళ్లతో బిగించి, ఆపైన స్పానర్‌తో ఆరో వంతు చుట్టు తిప్పితే సరి. టీవీ, బాక్స్ వెనక వైపు మాత్రం వేళ్లతోనే ఆపేయండి. అక్కడ స్పానర్ బలం చూపిస్తే సాకెట్ లోపలి సోల్డర్ విరిగి, కేబుల్ సమస్య కాస్తా బోర్డు సమస్య అవుతుంది.