బరంపురం పాత పట్నంలో కారు ఎక్కడ నిలపాలి?

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉండేవారికి ఒడిశాలోని బరంపురం పరాయి ఊరు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడే వరకు ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి పుట్టింది ఈ ఊళ్ళోనే. పట్టుచీరల దుకాణాల్లో ఈనాటికీ తెలుగులోనే బేరం సాగుతుంది. ఇచ్ఛాపురం దాటాక జాతీయ రహదారి మీద సుమారు 25 కిలోమీటర్లు వెళితే ఊరు వచ్చేస్తుంది కాబట్టి పెళ్ళి బట్టలకైనా, ఆసుపత్రికైనా, చుట్టాలింటికైనా చాలామంది సొంత కారులోనే బయలుదేరుతారు. మేమూ ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని కారులోనే వెళ్ళాం. ఊరు చేరడం సులువే కానీ, చేరాక కారు ఎక్కడ పెట్టాలన్నది ముందే తేల్చుకోకపోతే సగం పూట అందులోనే గడిచిపోతుంది.

పాత పట్నంలోని బడాబజారు చుట్టుపక్కల వీధులు కార్లు పుట్టకముందు వేసుకున్నవి. ఇరువైపులా అరుగులు, అరుగుల ముందు ద్విచక్ర వాహనాలు, మధ్యలో తోపుడు బండ్లు ఉంటాయి. ఫొడా కుంభ అనే గుడి ఆకారపు అంచు గల పట్టుచీరలు నేసే కుటుంబాల వీధుల్లో ఇంటి గుమ్మం నేరుగా రోడ్డులోకే తెరుచుకుంటుంది. అలాంటి చోట నిలిపిన ఒక్క కారు ఆ ఇంట్లోవారికి బయటికి వచ్చే దారే లేకుండా చేస్తుంది. గిరి రోడ్డు, అన్నపూర్ణ మార్కెట్ వైపు రోడ్లు కాస్త వెడల్పైనవే అయినా సాయంత్రం పూట అక్కడ ఖాళీ దొరకడం కష్టం. ఉదయం దుకాణాలు తెరిచే వేళకు చేరుకుంటే చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఏ దుకాణం ముందు నిలిపినా ముందుగా ఆ యజమానిని అడగడం మర్యాద. తెలుగులో అడిగితే చాలాచోట్ల తెలుగులోనే సమాధానం వస్తుంది.

నిబంధనల విషయంలో మన ప్రయాణికుల్లో ఒక అపోహ బలంగా ఉంది. బోర్డు లేకపోతే ఎక్కడైనా బండి నిలపవచ్చని అనుకుంటారు. అది నిజం కాదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు దేశమంతటికీ వర్తిస్తాయి. ఫుట్‌పాత్ మీద, పాదచారులు దాటే చోట, మలుపు దగ్గర, బస్టాపు దగ్గర, బడి లేదా ఆసుపత్రి ప్రవేశద్వారం దగ్గర, ఒకరి స్థలంలోకి వెళ్ళే దారికి అడ్డంగా, ఇప్పటికే నిలిపి ఉన్న బండి పక్కన రెండో వరుసగా వాహనం నిలపకూడదని అవి చెబుతున్నాయి. కూడలి అంచు నుంచి 50 మీటర్ల లోపల కూడా నిలపకూడదు. అడుగడుగునా సందులు కలిసే పాత పట్నంలో ఈ ఒక్క నియమాన్ని పాటిస్తే మిగిలే చోట్లు చాలా తక్కువ. అందుకే లోపలి వీధుల్లోకి కారు తీసుకువెళ్ళకపోవడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

బోర్డులు ఉన్నచోట ఒడియా చదవడం రాదని కంగారుపడనక్కరలేదు, బొమ్మ చాలు. ఎర్ర అంచు గల నీలి వృత్తం మీద ఒకే అడ్డగీత ఉంటే పార్కింగ్ నిషేధం. రెండు గీతలు ఒకదానినొకటి ఖండిస్తూ ఉంటే మనుషులను దించడానికి కూడా ఆగకూడదు. ఈ రెండింటికీ ఉన్న తేడా, నడవలేని పెద్దవాళ్ళను దుకాణం ముందు దించాలనుకునేవారికి ముఖ్యం.

రాత్రి బసకు ఊళ్ళో లాడ్జీలకు కొదవ లేదు. అద్దె, గది శుభ్రత, వేడినీళ్ళు అన్నీ అడిగే మనం పార్కింగ్ మాట వచ్చేసరికి ఉందనే ఒక్క మాటతో తృప్తిపడతాం. ఆ పార్కింగ్ లాడ్జి ఆవరణలోనా లేక ఎదుటి రోడ్డు మీదనా అని గట్టిగా అడగాలి. మేము చూసిన ఒక లాడ్జిలో గదులు విశాలంగా, పనివారు మర్యాదగా ఉన్నారు కానీ, వారు చూపించిన పార్కింగ్ వీధి పక్కనే. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలు లేదా అంతకు మించి వదిలేసిన వాహనాన్ని పోలీసు అధికారి అక్కడి నుంచి తరలింపజేయవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. నిలపడం నిషేధించిన చోటైతే ఆ గడువు కూడా అక్కరలేదు. తరలింపు ఖర్చు యజమానిదే. రాత్రి తొమ్మిదికి నిలిపి పొద్దున్న ఏడింటికి తీసేవారికి ఆ పది గంటలూ నిండినట్టే. అందుకే అద్దె కొంచెం ఎక్కువైనా, సొంత ఆవరణ, గేటు, కాపలా ఉన్న బసను ఎంచుకున్నాం. ఆ నిర్ణయం వల్ల మరునాడంతా నిశ్చింతగా తిరిగాం. కారును ఆవరణలోనే ఉంచి బజారుకు ఆటోలో వెళ్ళి వచ్చాం.

రైల్వే స్టేషను దగ్గర డబ్బు కట్టి బండి పెట్టుకోవచ్చు. రసీదు మీద వేళ సరిగా వేశారో లేదో చూసుకుని జేబులో పెట్టుకోవాలి. బజారు పనికి కూడా ఇది ఆలోచించదగిన చోటే.

మన జిల్లా నుంచి రోగులను తీసుకుని వచ్చేవారు ఎక్కువగా చేరేది పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరిట ఉన్న, 1962లో మొదలైన వైద్య కళాశాల ఆసుపత్రికి. అక్కడ గేటు దగ్గర నిలిపిన కార్ల మధ్య నుంచి అంబులెన్సు దారి వెతుక్కుంటూ రావడం చూసినప్పుడు మనసు కలుక్కుమంది. రోగిని దించిన వెంటనే ఒకరు కారును తీసుకుని దూరంగా వెళ్ళడం అవసరం. కాబట్టి ఆసుపత్రి పనికి డ్రైవింగ్ వచ్చినవారు కాక ఇంకొకరైనా రోగి వెంట ఉండాలి. ఒంటరిగా రోగిని తెచ్చేవారికి సొంత కారు కంటే అద్దె కారో ఆటోయో మేలు.

గోపాలపురం సముద్రతీరం బరంపురం నుంచి సుమారు 16 కిలోమీటర్లు. అక్కడ ఆవరణ ఉన్న బసలు ఉన్నాయి, గాలి బాగుంటుంది, పిల్లలకు ఇష్టం. బజారు పని ఒక్కపూటదే అయితే అక్కడే ఉండి రావడం మంచిది. రెండు మూడు పూటలు చీరలు చూడాలనుకునే కుటుంబానికి మాత్రం రోజూ రాకపోకలు అలసటే.

ఆంధ్ర నంబరు బండి కదా, ఒడిశాలో వేసిన జరిమానా మనదాకా రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇ-చలాన్ రిజిస్ట్రేషనులో ఇచ్చిన ఫోను నంబరుకు వస్తుంది. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500, ఆ తరువాత 1500 రూపాయల దాకా పడవచ్చు. ఫోను నంబరు మారి ఉంటే బయలుదేరే ముందే రవాణా శాఖ రికార్డులో సరిచేయించుకోవాలి.

రెండేళ్ళకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణి జాతర రోజుల్లో పాత పట్నంలోకి కారు ఆలోచనే వద్దు. అమ్మవారిని చూడడానికి జనం వీధులన్నీ నిండిపోతారు. ఆ రోజుల్లో వెళ్ళేవారు ఇచ్ఛాపురంలో తెలిసినవారింట కారు ఉంచి రైలులో వెళ్ళడం ఉత్తమం. రానున్న జాతరకు మేము వేసుకున్న ఏర్పాటు కూడా అదే.