థైరాయిడ్ ఆపరేషన్: పారాథైరాయిడ్‌ను పట్టించుకున్న సర్జరీ విభాగం (రేటింగ్ 4.5/5)

అమ్మకు మెడలో రెండువైపులా గడ్డలు పెరిగి థైరాయిడ్ మొత్తం తీసేయాల్సి వచ్చింది. గొంతు మారుతుందేమో, మచ్చ పడుతుందేమో అని మా టెన్షన్. సర్జన్ గారు వాటికి జవాబు చెప్పి, మేం అడగని విషయం ఎత్తుకున్నారు. థైరాయిడ్ వెనక మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయట, ఒక్కోటి బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసేవి అవే. ముందే కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ విడుదల చేసే హార్మోన్), విటమిన్ డి పరీక్షలు చేయించి, తక్కువగా ఉన్న విటమిన్ డికి మందులిచ్చారు.

ఆపరేషన్‌లో పారాథైరాయిడ్‌ను గుర్తుపట్టి వదిలేస్తే సరిపోదు, దానికి రక్తం అందించే సన్నని నాళాలూ మిగలాలి అన్నారు. అందుకే పెద్ద ధమనిని మొదట్లోనే కట్టేయకుండా, థైరాయిడ్‌ను ఆనుకుని ఉన్న చిన్న కొమ్మలనే కడతారట. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా సంగతి అడిగాను. ఆ వెలుగులో పారాథైరాయిడ్ రంగుమందు లేకుండానే మెరుస్తుంది, అమెరికాలో ఎఫ్‌డీఏ 2018లోనే ఇలాంటి పరికరాలకు అనుమతిచ్చింది. "కానీ రక్తం అందని గ్రంథి కూడా మెరుస్తుందమ్మా, దాన్ని నమ్ముకుని ఊరుకోలేం" అన్నారు. ఈ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఆపరేషన్ నోట్ అడిగితే ఇచ్చారు. మూడు గ్రంథులు వాటి చోటే, మంచి రంగులో ఉన్నాయని రాశారు. నాలుగోది నల్లబడితే, మళ్లీ పనిచేసేలా చిన్న ముక్కలుగా కోసి మెడ కండరంలో పెట్టారు. కాల్షియం ఎక్కువగా పడిపోయేది రెండు, మూడో రోజుల్లో కాబట్టి తొందరపడి డిశ్చార్జ్ చేయలేదు. అనుకున్నట్టే అమ్మకు పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి మొదలైంది. నీరసం అని కొట్టిపారేయకుండా నర్సమ్మ వెంటనే రక్తం తీసింది. కాల్షియం 7.2, అంటే బాగా తక్కువ. ఈసీజీ మానిటర్ పెట్టి, నరానికి కాల్షియం గ్లూకోనేట్ మెల్లగా ఎక్కించారు. తెల్లారేసరికి తిమ్మిరి తగ్గింది.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, డిశ్చార్జ్ కాగితంలో థైరాక్సిన్ (థైరాయిడ్ తీసేశాక దాని బదులు వేసుకునే హార్మోన్ మాత్ర), కాల్షియం రెండింటికీ "ఉదయం" అనే రాశారు. కలిపి వేసుకుంటే కాల్షియం వల్ల థైరాక్సిన్ ఒంటికి సరిగా పట్టదు, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఫోన్ చేస్తే వెంటనే సరిచేశారు గానీ, అది కాగితంలోనే ఉండాల్సిన మాట.