14416 టెలీ మానస్: జైలు నుంచి వచ్చిన తమ్ముడి కోసం ఫోన్ చేశాను

మీవాళ్లెవరైనా జైల్లో ఉంటే, బెయిలు రాకముందే ఈ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. టెలీ మానస్, 14416. మనసు బాగోలేనివాళ్ల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మాకు మాత్రం చాలా మేలు జరిగింది.

మా తమ్ముడు తాగి కొట్లాడిన కేసులో రిమాండ్‌కి వెళ్లాడు. లోపల తాగడానికి లేక చేతులు వణికి, లేనివి కనబడి కేకలు పెట్టేవాడట. అక్కడి డాక్టరు మాత్రలు మొదలుపెట్టాక కుదుటపడ్డాడు. ములాఖత్‌కి వెళితే ముఖం తేటగా ఉండేది. బెయిలు వచ్చి, చీకటి పడ్డాక వదిలారు. కవర్లో పర్సు, ఫోను, బెల్టు పెట్టి ఇచ్చారు. మాత్రలు లేవు, వాటి పేర్లు రాసిన చీటీ కూడా లేదు. "తెల్లది ఒకటి, ఇంకోటి సగం ముక్క" అన్నాడు వాడు. ఆ మాట పట్టుకుని మందుల షాపుకి ఎలా వెళ్తాం?

వాడికి నిద్ర పట్టడం లేదు. గోడ వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అమ్మేమో తాయెత్తు కట్టిద్దామంటుంది. ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటరుకి ఫోన్ చేస్తే, కేసుందని చెప్పగానే బెడ్లు ఖాళీ లేవన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కేసున్న మనిషికి జబ్బు చేయదా?

14416లో ఎత్తినావిడ కేసు ఊసే ఎత్తలేదు. "చచ్చిపోతానంటున్నాడా అమ్మా? ఫిట్స్ వచ్చాయా? మళ్లీ తాగాడా? ఇంట్లో పురుగుమందు లాంటివేమైనా ఉన్నాయా?" అని ఒక్కొక్కటే నెమ్మదిగా అడిగింది. తర్వాత వాడికివ్వమంది. పోలీసులకి చెప్పేస్తారని వాడి భయం. రోగి విషయాలు బయటికి చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉందని, సర్కారు వైద్యం అందరికీ హక్కని చెప్పాక నోరు విప్పాడు. తాగుడు ఆగినప్పుడు ఇచ్చే కొన్ని మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చని, ఆలస్యం చేయకుండా విశాఖపట్నం చినవాల్తేరులోని సర్కారు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లమని నాకు చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది, అందరికీ తెలియాల్సింది: జైల్లో కొన్నాళ్లు మానేస్తే ఒంటికి పాత అలవాటు పోతుంది. బయటికొచ్చి మునుపటంత తాగితే తట్టుకోలేదు. హెరాయిన్ లాంటివి తీసుకునేవాళ్లకైతే ప్రాణమే పోవచ్చు.

ఫోన్లో ధైర్యం చెప్పగలరు, దారి చూపగలరు. మాత్ర చేతిలో పెట్టలేరు కదా. ఆసుపత్రిలో డాక్టరు కూడా మొదట అడిగింది "లోపల ఏం వాడాడు?" అనే. మా ఆయన లాయరుని వెంటబెట్టుకుని వెళ్లి జైలు వైద్యం కాగితాల నకలు తెచ్చాక గానీ డోసు తేలలేదు. అందుకే చెబుతున్నా, జామీను కాగితాలు సిద్ధం చేసేటప్పుడే ఆ నకలు కోసం కూడా అర్జీ పెట్టమని లాయరుకి చెప్పండి. కొన్ని రోజుల మాత్రలు చేతికిచ్చి పంపమని కూడా రాయించండి. మత్తుమందుల సమస్యయితే 14446 అని వేరే హెల్ప్‌లైన్ ఉంది, అదీ ఉచితమే.

తమ్ముడు ఇప్పుడు రాత్రి మాత్ర వేసుకుని పడుకుంటున్నాడు. తాగుడు పూర్తిగా మానేశాడని ఇంకా చెప్పలేను. ఓపీకి మాత్రం నేను గుర్తు చేయకముందే బయల్దేరుతున్నాడు.