బరంపురంలో పెద్దవాళ్ళ ఫోన్ సెట్ చేసి ఇచ్చే షాపు: మూడొందలు దేనికి ఇవ్వొచ్చు, దేనికి జాగ్రత్త

పెద్దబజార్ వైపు చిన్న మొబైల్ షాపు, పేరు రాయను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది. తెలుగువాళ్ళదే, ఒక కుర్రాడూ వాళ్ళ అక్కా చూసుకుంటారు. రీఛార్జులు, స్క్రీన్ గార్డులు మామూలే గానీ మూడొందలు తీసుకుని పెద్దవాళ్ళ ఫోన్‌ని ఈ మోసం కాల్స్‌కి దొరక్కుండా సెట్ చేసి ఇస్తున్నారని మా పక్కింటి పిన్నిగారు చెప్తే మా మావయ్యగారిని తీసుకెళ్ళాను.

ఆయన రైల్వేలో రిటైర్ అయ్యారు, ఒరియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు, ఫోన్‌కి వచ్చే మెసేజీలేమో ఒరియాలో, ఇంగ్లీషులో, ఇంక కాల్స్ అయితే అన్నీ హిందీలోనే, ఆయన సర్వీసంతా పైఆఫీసర్లు హిందీలో మాట్లాడినవాళ్ళే కాబట్టి ఎవడైనా గట్టిగా హిందీలో మాట్లాడితే ఈయన గొంతు తగ్గిపోతుంది. నవంబర్ వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం ఓటీపీ చెప్పండి అని ఒకడు, మిగతా నెలల్లో కేవైసీ అని ఇంకొకడు.

ఈ షాపులో నాకు బాగా నచ్చింది సెట్టింగులు కాదు. కుర్రాడు మావయ్యగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, తను కౌంటర్ వెనక్కి వెళ్ళి వేరే ఫోన్ నుంచి కాల్ చేశాడు. "మై ట్రాయ్ సే బోల్ రహా హూఁ, ఆప్ కా నంబర్ దో ఘంటే మే బంద్ హో జాయేగా, నౌ దబాయియే" అని గొంతు మార్చి, అంటే టెలికాం కంపెనీల మీద ఉండే ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నా, మీ నంబర్ రెండు గంటల్లో ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి అని. ఎదురుగా కనిపిస్తున్న కుర్రాడే మాట్లాడుతున్నాడని తెలిసి కూడా ఈయన స్టూలు మీంచి లేచి నిలబడిపోయారండీ, బొటనవేలు తొమ్మిది దగ్గరికి వెళ్ళింది. వాళ్ళక్క నవ్వలేదు, నాకు అదీ నచ్చింది. "తాతగారూ, వాడికి చెప్పి పెట్టక్కర్లేదు, నమస్కారం కూడా అక్కర్లేదు, మధ్యలో కట్ చేసెయ్యండి" అంది. అసలు సమస్య అక్కడే కదా, అవతలివాడు మాట్లాడుతుండగా ఫోన్ పెట్టెయ్యడం అమర్యాద అని ఆ తరంవాళ్ళ పెంపకం, దొంగవెధవలకి కావాల్సింది కూడా ఆ మర్యాదే. మళ్ళీ చేశాడు, ఈసారి సీబీఐ అన్నాడు, మళ్ళీ పార్సిల్లో డ్రగ్స్ అన్నాడు, చివరికి మావయ్యగారు హలో అని వినీ వినగానే టక్కున కట్ చేసి మావైపు చూసి నవ్వారు. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేనే లేదనీ, ఏ పోలీసూ వీడియో కాల్లో అరెస్ట్ చెయ్యడనీ 2024 అక్టోబర్లో మోదీ రేడియోలో కూడా చెప్పారు, మావయ్యగారు అది విన్నారు కూడా, అయినా లేచి నిలబడ్డారు. వినడం వేరు, చేతికి అలవాటు అవ్వడం వేరు.

సెట్టింగుల సంగతి. వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేశాడు, టూ స్టెప్ పిన్ పెట్టించాడు, పెళ్ళిపత్రిక అనీ చలానా అనీ వచ్చే ఏపీకే (యాప్ ఎక్కించే) ఫైళ్ళు ఇన్‌స్టాల్ అవ్వకుండా ఆపాడు, ##002# కొట్టి కాల్ ఫార్వర్డ్ ఏమైనా ఉంటే తీసేశాడు. సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్లో చూస్తే ఆయన పేరు మీద మాకు తెలియని సిమ్ ఒకటి బయటపడింది, అది నాది కాదని అక్కడే రిపోర్ట్ కొట్టించాడు, ఈ ఒక్క పనికే మూడొందలు గిట్టుబాటు అనిపించింది (ఇది మీరు ఇంట్లో ఫ్రీగా చేసుకోవచ్చు, అది వేరే సంగతి). ఆధార్ బయోమెట్రిక్ లాక్ కూడా పెట్టాడు, వేలిముద్రతో డబ్బులు లాగే మోసాలకి అదే మందు, కాకపోతే వేలిముద్ర వెయ్యాల్సిన పని పడితే ముందు అన్‌లాక్ చేసుకోవాలని గుర్తుంచుకోండి.

మామూలు కాల్స్‌కి కూడా సేవ్ చెయ్యని నంబర్లన్నీ బ్లాక్ అయ్యేలా ఏదో యాప్ వేశాడు, అది మాత్రం తీయించేశాను, గ్యాస్ అబ్బాయి కాల్ రాలేదు, డాక్టర్ గారి క్లినిక్ కాల్ రాలేదు. దాని బదులు వాళ్ళక్క చెప్పిన మాట పనికొస్తోంది: బ్యాంకులు పని మీద చేస్తే 1600తో మొదలయ్యే నంబర్ నుంచి చెయ్యాలి, అమ్మకం కాల్స్ 140 నుంచి రావాలి, 2025 జనవరిలో ఆర్బీఐ పెట్టిన రూలు. మామూలు పదంకెల మొబైల్ నంబర్ నుంచి బ్యాంకు అన్నాడంటే కట్. 1600 అయినా ఓటీపీ అడిగితే కట్ చెయ్యడమే.

ఇంక అసలు కంప్లైంట్. కౌంటర్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, అందులో కస్టమర్ పేరు, నంబర్, ఫోన్ లాక్ ప్యాటర్న్ గీసి పక్కన యూపీఐ పిన్ కూడా రాసుకుంటున్నాడు! రిపేర్ షాపుల్లో ప్యాటర్న్ రాసుకోవడం మనకి అలవాటే గానీ, పిన్ ఎవరికీ చెప్పొద్దని పాఠం చెప్పే షాపులోనే ఇదేటండీ. యూపీఐ లిమిట్ తగ్గించడానికి పిన్ కావాలంటే ఫోన్ మన చేతికిస్తే మనమే కొట్టుకుంటాం కదా. నేను అడ్డుపడితే "మర్చిపోతారు ఆంటీ, అందుకే" అన్నాడు. వాడి మనసులో కపటం లేదనే నమ్ముతున్నా, కానీ ఆ పుస్తకం ఇంకెవరి చేతికైనా పడితే? మా పేజీ చింపించి తెచ్చుకున్నా, ఇంటికొచ్చి పిన్ మార్చా. అందుకే పేరు రాయట్లేదు, ఆ పుస్తకం ఉందని ఊరంతా తెలియడం కూడా మంచిది కాదు.

వాళ్ళు చెయ్యనిది ఒకటి మేము చేశాం, పెన్షన్ అకౌంట్‌ని యూపీఐ నుంచి పూర్తిగా తీసేశాం. కూరలకీ మందులకీ సరిపడా వేరే చిన్న అకౌంట్లో వేస్తున్నాం, దాన్ని మాత్రమే ఫోన్‌కి కలిపాం. మావయ్యగారు ముందు చిన్నబుచ్చుకున్నారు, నా డబ్బుకి నేనే లెక్క చెప్పాలా అని, అదీ నిజమే, పాస్‌బుక్ ఆయన దగ్గరే ఉంచాం.

హోమ్ స్క్రీన్ మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబర్‌ని "డబ్బు పోతే" అని తెలుగులో పెట్టిచ్చారు, పెద్ద అక్షరాల్లో. పోయిన వెంటనే చేస్తే డబ్బు అవతలి ఖాతాలోంచి బయటికి వెళ్ళకముందే ఆపించే అవకాశం ఉంటుంది, మర్నాడు కొడుకొచ్చాక చెప్దాం అనుకుంటే కష్టం.

ఐదుకి మూడున్నర ఇస్తా, నోట్‌బుక్ మానేస్తే నాలుగున్నర. ఒంటరిగా పెద్దవాళ్ళని పంపొద్దు, ఎవరైనా పక్కన ఉండండి. వెళ్తే మధ్యాహ్నం వెళ్ళండి, వాళ్ళక్క ఉంటుంది, ఓపిగ్గా చెప్తుంది, సాయంత్రం రీఛార్జ్ జనం ఎక్కువ, కుర్రాడు తొందర తొందరగా చేసేస్తాడు. బండి పెట్టడానికి చోటు లేదు, ఆటోలో పోవడమే నయం.