తిరుపతిలో చెవి పరీక్ష, ఆ యంత్రాల పుట్టుపూర్వోత్తరాలు

మా నాయన నగరిలో ముప్పై రెండేళ్ళు పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేశారు. షెడ్డులో పక్క మగ్గం మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి వెళ్ళి అరవాల్సిందే కాబట్టి, వినికిడి తగ్గుతోందన్న సంగతి ఆయనకు గాని మాకు గాని చాలా ఏళ్ళు తెలియలేదు. ఈ ఏడాది సంక్రాంతి దాటాక దానికి ఇంకొకటి తోడైంది. మంచం మీద కుడివైపుకు ఒత్తిగిలితే చాలు, "ఇల్లంతా గిర్రున తిరగతా ఉంది అబ్బోడా" అంటూ మంచం పట్టెను రెండు చేతులా పట్టుకునేవారు. అర నిమిషంలో తగ్గిపోయేది, మళ్ళీ ఒత్తిగిలితే మళ్ళీ వచ్చేది. ఈ రెండు బాధల కోసం తిరుపతిలో మేము వెళ్ళిన పరీక్షా కేంద్రం గురించి, అక్కడ నాయన చెవులకూ కళ్ళకూ తగిలించిన యంత్రాల గురించి, వాటిని తయారుచేసిన కంపెనీల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. యంత్రం వెనుక కథ కొంత తెలిసి ఉంటే, మన ఇంట్లోవాళ్ళకు పరీక్ష సరిగా జరుగుతోందో లేదో మనమే కనిపెట్టవచ్చు.

నిజానికి ఇది మా రెండో పరీక్ష. మొదటిది వేరొక చోట చేయించాము. అక్కడ ప్రత్యేకమైన గది లేదు. తల మీద సీలింగ్ ఫ్యాను తిరుగుతుండగా, కిటికీ బయట ఆటోలు హారన్ కొడుతుండగా, ఒక బల్ల ముందు కూర్చోబెట్టి పది నిమిషాల్లో ముగించి, రెండు చెవులకూ వెంటనే మిషన్ పెట్టించాలని కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం చూసిన ఇ.ఎన్.టి. డాక్టరు గారు "మగ్గాల దగ్గర పనిచేసిన చెవి ఇట్లా ఉండదే" అన్నారు. పెద్ద చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేసిన వారికి ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని కీచు స్వరాలు; 250, 500 హెర్ట్జ్ వంటి బొంగురు స్వరాలు చాలావరకు నిలిచే ఉంటాయి. మా కాగితంలో బొంగురు స్వరాలు కూడా బాగా పడిపోయినట్టు ఉంది. ఫ్యాను హోరు, రోడ్డు రొద ఎక్కువగా కప్పేసేది సరిగ్గా ఆ స్వరాలనే. అంటే నాయన వాటిని వినలేకపోవడానికి కారణం చెవి కాదు, ఆ గది.

డాక్టరు గారు పంపించిన రెండో కేంద్రం ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు, ఒక మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. తల తిరుగుతున్న మనిషిని మెట్లెక్కించడం ఎంత కష్టమో అక్కడివారు ఆలోచించి ఉండవలసింది. లోపలికి వెళ్ళాక మాత్రం నా మనసు కుదుటపడింది. పరీక్ష గదిలో గది కట్టారు. దాని తలుపు బీరువా తలుపంత బరువుగా ఉంది, మూయగానే బయటి ట్రాఫిక్ మొత్తం ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. పరీక్ష చేసిన ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షల నిపుణురాలు) మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదువుకున్న అమ్మాయి. యంత్రం ముట్టుకోకముందే ఏ పని చేశారు, ఎన్నేళ్ళు చేశారు, చెవిలో ఎప్పుడైనా దూది పెట్టుకునేవారా అని నాయనను అడిగి రాసుకున్నారు. నేను అడగగానే యంత్రం వెనుక అతికించిన క్యాలిబ్రేషన్ చీటీని, అంటే యంత్రం కొలత సరిగా ఉందో లేదో సరిచూసిన తేదీ ఉన్న కాగితాన్ని కూడా చూపించారు. ఏడాదికొకసారి చేయించవలసిన ఆ పని నాలుగు నెలల కిందటే జరిగింది.

నాయనకు హెడ్‌ఫోన్ పెట్టారు, కుడి చెవికి ఎరుపు, ఎడమ చెవికి నీలం. చేతికి ఒక బొత్తాం ఇచ్చారు. అద్దంలోంచి చూస్తున్నాను: ఆయన కళ్ళు మూసుకుని, నుదురు ముడిచి, బొటనవేలిని బొత్తాం మీద ఉంచి కదలకుండా కూర్చున్నారు. మొదట్లో కాస్త ఆలస్యంగా నొక్కుతుంటే అమ్మాయి ఆపి, "పెద్దాయనా, ఎంత సన్నగా వినిపించినా నొక్కేయండి, తప్పయినా ఏమీ కాదు" అన్నారు. "తప్పు నొక్కితే మిషన్ పాడైపోతుందేమో అనుకున్నా పాపా" అన్నారు నాయన. ఆ తర్వాత లెక్క కుదిరింది. వినిపిస్తే చప్పుడును పది డెసిబెళ్ళు (చప్పుడు బలానికి కొలత) తగ్గించడం, వినిపించకపోతే ఐదు పెంచడం, మళ్ళీ తగ్గించడం: 1940లలో హ్యూసన్, వెస్ట్‌లేక్ అనే ఇద్దరు రూపొందించి, 1959లో కార్హార్ట్, జెర్గర్ స్థిరపరిచిన పద్ధతినే ఆమె తు.చ. తప్పకుండా పాటించారు. ఫలితంగా వచ్చిన గీత 1000 హెర్ట్జ్ దాకా 25 డెసిబెళ్ళ దగ్గర ఉండి, 4000 దగ్గర 65కు పడి (ఈ అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు), 8000 దగ్గర మళ్ళీ కొంచెం పైకి లేచింది. మగ్గం ఆ కాగితం మీద సంతకం చేసినట్టే ఉంది.

వినికిడిని కొలిచే ఈ యంత్రాన్ని, అంటే ఆడియోమీటరును, మొదట తయారుచేసింది వైద్య పరికరాల కంపెనీలు కావు, తీగల మీద మాటలు పంపిన వాళ్ళు. అది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1879లో లండన్‌లో విద్యుత్తుతో వినికిడిని కొలిచే సాధనాన్ని చూపించిన డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్, అప్పటికే టెలిగ్రాఫ్ యంత్రానికీ మైక్రోఫోనుకూ పేరుపొందినవాడు. దానికి ముందు డాక్టర్ల చేతిలో ఉన్నది శ్రుతిదండం, చేతి గడియారం టిక్కుటిక్కు, గుసగుస మాట మాత్రమే. 1920ల ఆరంభంలో అమెరికాలో ఫౌలర్ అనే చెవి వైద్యుడు, వెగెల్ అనే టెలిఫోన్ ఇంజనీరు కలిసి రూపొందించిన ఆడియోమీటరును అమ్మకానికి తెచ్చింది టెలిఫోన్లు తయారుచేసే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ. ఆ తర్వాత అదే కంపెనీ గ్రామఫోను పలక మీద అంకెలు చదివించి, గొంతును క్రమంగా తగ్గిస్తూ, బడిపిల్లలను పదుల సంఖ్యలో ఒకేసారి పరీక్షించే యంత్రాన్ని కూడా చేసింది. డెసిబెల్ అన్న మాటలో దాగి ఉన్న పేరు టెలిఫోన్ కనిపెట్టిన బెల్‌దే; ఆయన తల్లికీ భార్యకూ వినికిడి లేదు.

మా ఆడియోమీటర్ మీద ఉన్న పేరు డెన్మార్కుకు చెందిన ఇంటర్‌అకౌస్టిక్స్. 1967లో మొదలైన ఈ కంపెనీ ఇప్పుడు డెమాంట్ అనే పెద్ద సంస్థలో భాగం. ఆ సంస్థ మూలం ఇంకా వెనక్కి వెళుతుంది. 1904లో హాన్స్ డెమాంట్ అనే వ్యాపారి, వినికిడి తక్కువైన తన భార్య కమిలా కోసం చెవి మిషన్ తెప్పించి, తర్వాత వాటి వ్యాపారమే పెట్టాడు. 1910లో కొడుకు విలియం దాన్ని చేపట్టాడు. ఓటికాన్ చెవి మిషన్లు ఆ ఇంటివే. 1937లో అమెరికాలోని మినియాపొలిస్‌లో పుట్టిన మైకో, 1949లో పుట్టిన గ్రేసన్-స్టాడ్లర్, ఇంగ్లండుకు చెందిన ఆంప్లివాక్స్ కూడా కాలక్రమంలో ఆ గొడుగు కిందికే వచ్చాయి. ఇంకో ఇల్లు కూడా డెన్మార్కుదే: 1869లో టెలిగ్రాఫ్ తీగలు వేయడానికి పుట్టిన గ్రేట్ నార్తర్న్ కంపెనీ వారసత్వంలోంచి వచ్చిన ఓటోమెట్రిక్స్, మ్యాడ్సన్ పేరుతో వచ్చే పరికరాలను తనలో కలుపుకుని, 2017లో అమెరికాలోని నేటస్ చేతికి వెళ్ళింది. కాబట్టి ఎవరైనా "మాది ఫలానా బ్రాండు, పక్కవాళ్ళది ఫలానా బ్రాండు" అని గొప్పగా చెబితే, అవి రెండూ ఒకే తల్లి పిల్లలు కావచ్చని గుర్తుంచుకోవడం మంచిది. నేను బ్రాండుకు ఇచ్చే మార్కులు తక్కువ, ఆ చీటీ మీది తేదీకి ఇచ్చే మార్కులు ఎక్కువ.

ఎందుకంటే ఈ యంత్రంలో అన్నిటికంటే ముఖ్యమైనది సున్నా ఎక్కడ పెట్టారన్నది. ఆడియోగ్రామ్ (వినికిడి గీత గీసిన కాగితం) మీద సున్నా డెసిబెళ్ళు అంటే చప్పుడు లేకపోవడం కాదు. ఆరోగ్యంగా ఉన్న యువకుల చెవి సగటున వినగలిగే అతి మెల్లని స్వరం. ఆ సగటు ఎవరిది అన్నదే ఒకప్పటి పెద్ద చిక్కు. తొలినాళ్ళలో ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క సున్నా ఉండేది. 1930లలో జరిపిన ఒక పెద్ద సర్వే ఆధారంగా అమెరికా 1951లో తన ప్రమాణాన్ని ప్రకటించింది. బ్రిటన్‌లో ఇంకా జాగ్రత్తగా కొలిచిన లెక్క దానికంటే సుమారు పది డెసిబెళ్ళు తక్కువగా తేలింది. అంటే ఒకే మనిషి ఒక ఒడ్డున నార్మల్, ఇంకో ఒడ్డున కాస్త చెవుడు! 1964లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చి, 1969లో అమెరికా కూడా తన లెక్కను సవరించుకున్నాక గాని ఆ తేడా పోలేదు. ఇంత కష్టపడి ప్రపంచమంతా ఒప్పుకున్న సున్నాను, క్యాలిబ్రేషన్ చేయించని ఒక యంత్రం, కింద పడి దెబ్బతిన్న ఒక హెడ్‌ఫోన్ మన ఊళ్ళో మళ్ళీ చెడగొట్టగలవు. అందుకే ఆ చీటీ అడగడానికి మొహమాటపడవద్దు.

చెవి వెనుక ఎముక మీద చిన్న పరికరం పెట్టి చేసే పరీక్షలోనూ గీత అదే విధంగా వచ్చింది కాబట్టి లోపం లోపలి చెవిదేనని తేలింది. ఇంపీడెన్స్ పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోయింది. చెవిలో బిగుతుగా బిరడా పెట్టి, గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి ఎంత కదులుతుందో చూస్తారు. 1946లో ఓటో మెట్జ్ చేసిన పరిశోధనతో డెన్మార్కులోనే దీనికి పునాది పడింది. నాయనకు అందులో లోపమేమీ లేదు.

తల తిరుగుడు పరీక్షే అన్నిటికంటే నన్ను కదిలించింది. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే అద్దాల వంటి బిగుతైన కళ్ళజోడు పెట్టారు, లోపల పరారుణ కెమెరాలు ఉన్నాయి. ముందు మూత వేస్తే రోగికి చీకటి, మనకు మాత్రం తెర మీద అరచేయంత కన్ను. ఈ కళ్ళజోడుకు తాత, జర్మనీ వైద్యుడు ఫ్రెంజెల్ తయారుచేసిన మందపాటి భూతద్దాల జోడు. మధ్యలో కళ్ళ చుట్టూ తీగలు అతికించి కంటి కదలికను కాగితం మీద గీసే కాలం ఒకటి నడిచింది, ఆ తర్వాత కెమెరా వచ్చింది. తల తిరుగుడుకు కన్నెందుకు అని నాయన అడిగారు. లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు (ద్రవం నిండిన సన్నని వంపు గొట్టాలు) తల కదలికను చెప్పగానే కళ్ళు దానికి ఎదురుగా కదులుతాయి. కుల్య అబద్ధం చెబితే కన్ను ఆ అబద్ధాన్ని దాచలేదు.

అమ్మాయి నాయన తలను కుడివైపుకు తిప్పి, ఒక్క ఊపున వెనక్కి పడుకోబెట్టి, తలను మంచం అంచు కిందికి వాల్చారు. 1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించిన పరీక్ష ఇది. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. తర్వాత తెర మీది కన్ను పైకి కొడుతూ, మెలికలు తిరుగుతూ, ఎవరో లోపలినుంచి తిప్పుతున్నట్టు కదిలింది. నాయన నా చెయ్యి వదల్లేదు. ఇరవై సెకన్లలో అది దానంతటదే ఆగిపోయింది. మూడు నెలలుగా ఇంట్లో మేమెవరమూ చూడలేని బాధ అది, బి.పి. అన్నారు, రక్తం లేదన్నారు, పైత్యమన్నారు.

వేడినీళ్ళ, చన్నీళ్ళ పరీక్ష కూడా చేశారు. దీని కథ వియన్నాది. రాబర్ట్ బరానీ అనే వైద్యుడు చెవులు నీళ్ళతో కడుగుతుంటే రోగులు తల తిరుగుతోందనేవారు. చన్నీళ్ళయితే కన్ను ఒకవైపు, వేడినీళ్ళయితే రెండో వైపు కొట్టుకోవడం గమనించి, లోపలి ద్రవం వేడికి కదలడమే కారణమని ఆయన ఊహించాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించేసరికి రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. 1916లో విడుదలయ్యాకే అందుకున్నాడు. శరీరపు వేడికి ఏడు డిగ్రీలు తక్కువ, ఏడు డిగ్రీలు ఎక్కువ, అంటే 30, 44 డిగ్రీల నీళ్ళు వాడాలని 1942లో ఫిట్జ్‌జెరాల్డ్, హాల్‌పైక్ పెట్టిన లెక్కే ఇవాళ తిరుపతిలోనూ నడుస్తోంది. అమ్మాయి ప్రతిసారీ నీటి వేడి చూసుకున్నాకే చెవిలో పోశారు. నాయనకు రెండు వైపులా సమానంగా వచ్చింది.

తేలిందేమిటంటే, లోపలి చెవిలో ఉండవలసిన చోటు వదిలిన సన్నని సున్నపు స్ఫటికాలు కుడి కుల్యలోకి జారాయి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన పద్ధతిలో తలను వరుసగా నాలుగు భంగిమల్లో తిప్పి వాటిని వెనక్కి పంపారు. దానికి యంత్రమూ లేదు, మందూ లేదు.

వినికిడి, ఇంపీడెన్స్ పరీక్షలకు వెయ్యి రూపాయలు, తల తిరుగుడు పరీక్షకు రెండు వేల అయిదు వందలు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ఒక విషయంలో మాత్రం గట్టిగా ఫిర్యాదు చేసి వచ్చాను. వినపడనివాళ్ళు కూర్చునే హాలులో పేర్లు గట్టిగా అరిచి పిలుస్తున్నారు! నాయన పేరు రెండుసార్లు పిలిచినా ఆయనకు వినపడలేదు, నేను కిందికి నీళ్ళ సీసా కోసం వెళ్ళి ఉన్నాను, మా వంతు తప్పింది. గోడ మీద నంబరు చూపించే చిన్న బోర్డు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇవ్వడం కూడా బాగోలేదు; వెనకవైపు నాలుగు వాక్యాలు తెలుగులో రాసిస్తే పుత్తూరు, పాకాల, శ్రీకాళహస్తి నుంచి వచ్చినవాళ్ళకు ఎంతో మేలు.

పసిపిల్లల పరీక్షలు కూడా అక్కడ చేస్తారు. ఆ విభాగం నేను చూడలేదు గాని, ఈ రంగంలో మనవాళ్ళ పని కూడా ఉందని తెలిసి సంతోషించాను: అప్పుడే పుట్టిన బిడ్డ మెదడు చప్పుడుకు స్పందిస్తోందా అని తలమీది తీగలతో చూసే 'సోహమ్' అనే పరికరం బెంగళూరులో తయారై, 2017లో విడుదలైంది. పుట్టిన కొద్ది నెలల్లోపే లోపం తెలిస్తే ఆ బిడ్డకు మాటలు వచ్చే అవకాశం పెరుగుతుంది.

వెళ్ళేవాళ్ళు ఉదయం పూట వెళ్ళండి, కడుపు నిండా తిని వెళ్ళవద్దు. తల తిరుగుడుకు మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో ముందే డాక్టరును అడగండి, ఎందుకంటే ఆ మాత్రలు కంటి కదలికను అణచివేస్తాయి. చెవిలో గుబిలి ఉంటే ముందు తీయించుకోండి. వారం తర్వాత నాయనను మళ్ళీ పడుకోబెట్టి చూస్తే తెర మీద కన్ను కదలలేదు. చెవి మిషన్ సంగతి వచ్చే నెల మాట్లాడదామన్నారు. ఈసారి కుడి చెవికి ఒక్కదానికే పెట్టి, పది రోజులు ఇంట్లో వాడి చూశాకే కొనమన్నారు.